ఏటికొక సాలు

ఆదివారం పొద్దున మా ఇంటి ముందు సైకిళ్లు ఆగాయంటే ఎవరో చూడకుండానే చెప్పగలను. బెంగళూరు వాళ్లు. ఒంటికి అతుక్కుపోయిన నిక్కర్లు, నెత్తిన చిల్లుల టోపీలు, హ్యాండిల్‌కి తగిలించిన ఫోన్లు. పావగడ దాకా సైకిళ్లను కారు మీద కట్టుకొని తెస్తారు. అక్కడ దింపుకొని, సోలార్ పలకల మధ్య వేసిన రోడ్ల మీద పొద్దెక్కేదాకా తిరిగి, మళ్లీ కారు మీదికెక్కించుకొని పోతారు. సైకిలు మనిషిని మోయడం చూశాను, మనిషి సైకిలును మోయడమూ చూశాను. కారు చేత సైకిలును మోయించే వైభోగం మాత్రం ఈ వయసులోనే చూస్తున్నాను.

నీళ్లడిగితే ఇస్తాను. నీళ్లు తాగి ఊరికే పోతే ఏ గొడవా లేదు. వాళ్లు పోరు, మెచ్చుకుంటారు.

"ఎంత బాగుంది ఆంటీ ఈ రూట్!" అన్నాడు మొన్న వచ్చినవాడు. తెలుగువాడే, మాట చూస్తే కోస్తా వైపు. "రెండు గంటలుగా తొక్కుతున్నాం, ఒక్క బండి ఎదురు రాలేదు. మనిషి జాడే లేదు. ఎంత ప్రశాంతమో! మీరు చాలా అదృష్టవంతులు."

ఉద్యోగం చేసినన్నాళ్లూ బడిపిల్లల చేత ఎక్కాలు చెప్పించిన నోరు ఇది. రిటైరయ్యాక దీనికి కాస్త విశ్రాంతి ఇద్దామనుకున్నాను. కానీ అతను ఊరుకోలేదు.

"మీ చిన్నప్పుడు కూడా ఇలాగే ఉండేదా ఈ దారి?"

"చిన్నప్పుడు ఇక్కడ దారి ఉండేది కాదు నాయనా," అన్నాను. "మేం తినేశాం."

జోకనుకున్నాడు. పళ్లన్నీ కనబడేలా నవ్వి, నాతో ఒక ఫోటో దిగి, జేబులోంచి చాక్లెట్ కాగితంలో చుట్టిన అటుకుల ముద్దలాంటిదేదో తీసి తింటూ వెళ్లిపోయాడు. ఆ కాగితాన్ని మాత్రం నా గుమ్మం ముందే వదిలేశాడు.

నేను చెప్పింది జోకు కాదు.

మా పల్లె నుంచి బస్సు వచ్చే రోడ్డు వరకు ఒక బండిబాట ఉండేది. తాత పెళ్లినాటికి అందులో ఎదురెదురుగా రెండు బండ్లు తప్పుకొనేవని అవ్వ చెప్పేది. ఆ బాట నడిమధ్యలో, రెండు వందల అడుగులు వేస్తే దాటే పొడవున, ఎడమ పక్క మా చేను, కుడి పక్క తాత దాయాది చేను ఉండేవి. ఆయన తాతకు చిన్నాయన కొడుకు. మేం ఆయన్ని అవతలి తాత అనేవాళ్లం. నేను పుట్టకముందే ఇద్దరికీ మాటలు తెగిపోయాయి. ఎందుకని అడిగితే ఒకరు చింతచెట్టు అనేవారు, ఇంకొకరు పెళ్లిలో పంక్తి దగ్గర పెద్దరికం అనేవారు. ఇద్దరూ అసలు కారణం మరిచిపోయారని నా నమ్మకం. మరిచిపోయాక పగ ఇంకా సులువు. దానికి మందు పెట్టడానికి ఎవరికీ వీలుండదు.

తొలకరి పడగానే తాత మడక కట్టేవాడు. చేనంతా దున్నాక, చివర్న ఒక్క సాలు బాటలోకి తోలేవాడు. ఒక్క సాలే. జానెడు నేల. మరునాడు పొద్దున లేచి చూస్తే అవతలి పక్కనా ఒక సాలు పడి ఉండేది. దున్నిన దగ్గర విత్తనం వేసేవారు. విత్తనం వేసిన దగ్గర మేకలు పడకుండా తుమ్మకంప నాటేవారు. వచ్చే ఏడు ఆ కంప జానెడు లోపలికి జరిగేది.

"నేను ఒక సాలే తోలినా. వాడు రెండు తోలినాడు. దోవ తినింది వాడు," అనేవాడు మా తాత, అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా. అవతలింట్లో కూడా సరిగ్గా ఇదే మాట, ఇదే సంఖ్య, ఇదే గొంతు. ఇద్దరూ ఒకే ముసలివాడని, ఏదో అద్దం అడ్డం పెట్టుకొని తిట్టుకుంటున్నాడని నాకు చిన్నప్పుడే అనుమానం వచ్చింది.

నాకు ఊహ తెలిసేనాటికి అందులో ఒక్క బండే పట్టేది. నేను చెప్పబోయే ఏటికి అదీ పట్టలేదు. బండ్లన్నీ చుట్టు తిరిగి వంకలోని ఇసుక మీదుగా పోయేవి. వంక పారే రోజుల్లో బండికి దారే లేదు. నడిచేవాళ్లకు, సైకిలుకు మాత్రం కంపల మధ్య ఒక సందు మిగిలింది.

ఆ సందులో రద్దీ ఎంతని అడగండి. నెత్తిన కట్టెలమోపులతో ఆడవాళ్లు, సంత నుంచి ఎండుచేపల గంపలు, తడిసిన గొంగడి వాసన వేసే గొర్లకాపరులు, వాళ్ల ముందు గొర్లు. ఎదురుపడితే ఎవరు తప్పుకోవాలన్నదానికి ఒక రివాజు ఉండేది. మోపు ఉన్నవాళ్లది దారి, ఉత్త చేతులవాళ్లు పక్కకు తప్పుకోవాలి. పక్కకు తప్పుకుంటే కాలు చేన్లో పడుతుంది. పడీ పడగానే ఆ పక్క తుమ్మచెట్టు కింద కూర్చున్న తాతో, ఈ పక్క గుండురాయి మీద కూర్చున్న తాతో కర్ర ఎత్తి లేచేవాడు. జీవితంలో సగం పొద్దు వాళ్లకు ఈ కాపలాతోనే గడిచింది.

నేను ఆ సందులోనే సైకిలు నేర్చుకున్నాను. సైకిలు మా నాన్నది. మధ్యాహ్నం ముద్ద తిని నాన్న కునుకు తీసే వేళ, చప్పుడు కాకుండా స్టాండు తీసి, బడి వెనకాల దాకా తోసుకొనిపోయి, అక్కడి నుంచి సందులోకి బారు కింద కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేదాన్ని. ఆడపిల్ల సైకిలు ఎక్కితే మా పల్లెలో అదొక వింత. ఎదురొచ్చిన ప్రతి ఒక్కరూ ఒక మాట అని పోయేవారు. "ఏం మే, పోస్టు తెస్తాండావా?" అని కట్టెలమోపు కిందినుంచి ఒకామె. "పడితే కంపలో పడు, సేన్లో పడగాకు, మీ తాత సంపుతాడు," అని ఇంకొకామె. కంపలోనే పడేదాన్ని. మోకాళ్లలో ముళ్లు తీసేటప్పుడు అవ్వ ఆముదం రాస్తూ ఏమీ అడిగేది కాదు. అంటే అవ్వకు తెలుసన్నమాట.

ఇంకో పని కూడా ఉండేది నాకు. మాటలు లేనివాళ్లకు మాటలు మోయడం. ఇద్దరు ముసలివాళ్లూ పది అడుగుల దూరంలో ఎదురెదురుగా కూర్చొని, నన్ను మధ్యలో నిలబెట్టి మాట్లాడుకొనేవారు.

"ఆయప్పకు చెప్పు మే, ఆయన మేక మన కంపలో దూరినాదని," అనేవాడు తాత.

నేను అటు తిరిగి, "నీ మేక మా కంపలో దూరినాదంట. కట్టేసుకోవడం చేతగాకుంటే అమ్ముకోమన్నాడు," అనేదాన్ని. అమ్ముకోమన్న మాట నా సొంతం. అవతలి తాత ఎర్రగా చూసి, తాతకు జవాబు చెప్పి రమ్మని నాకు బెల్లంముక్క ఇచ్చేవాడు. ఆ జవాబుకూ నేను కొంత కారం కలిపేదాన్ని. ఇద్దరికీ చెవులు బాగానే వినబడేవి. నేను చెప్పకముందే ఒకరి మాట ఒకరికి వినబడేది. అయినా నేను తిరిగి చెప్పేదాకా వినబడనట్టే కూర్చొనేవారు. అంత గట్టి మనుషులు.

ఆ ఏడు వరుసగా ఎండిన ఏళ్ల తరువాత వానలు నిలకడగా పడ్డాయి. వేరుశనగ మోకాలెత్తు లేచింది. పసుప్పూలు పూసి, ఊడలు దిగే సమయం. ఊడ అంటే పువ్వు నుంచి కిందికి దిగి మట్టిలో దూరే సన్నటి కాడ. దాని కొసనే కాయ పడుతుంది. ఆ పదిహేను రోజులూ చేన్లోకి కుక్కను కూడా రానివ్వరు. కాలు తగిలితే ఊడ తెగుతుంది, తెగితే కాయ లేదు. తడిమట్టి వాసనతో, ఆకుల పచ్చివాసనతో పల్లెంతా నిండిపోయింది. అవ్వ పొద్దున్నే సంగటి కెలికి, వేరుశనగ గింజలతో ఊరుబిండి నూరి, "ఈ ఏడు మన ఊరుబిండి మన సేనిదే," అని మురిసిపోయేది.

అప్పుడే చిన్నత్త కాన్పుకు వచ్చింది. మా నాన్న చెల్లెలు. పందొమ్మిదేళ్లుంటాయి. తొలిచూలు. నన్ను పక్కలో పడుకోబెట్టుకొని, పొట్ట మీద నా చెయ్యి పెట్టించి, "తంతాండాడు సూడు," అనేది. ఎవరు పుడితే ఏం పేరు పెట్టాలో నన్నే అడిగేది. నేను చెప్పిన పేర్లన్నీ మా పంతుళ్లవే.

ఒక తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. పొద్దుపొడిచి బారెడు ఎక్కినా కాన్పు కాలేదు. మంత్రసాని బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "బిడ్డ అడ్డం తిరిగినాది. ఇంక నా చేతిలో లేదు. పావగడ ఆసుపత్రికి తోలుకపోండి, బిరీన," అంది.

రాత్రి పడిన వానకు వంక నిండుగా పారుతోంది. ఆ దారి మూసుకుంది. మిగిలింది బాటే. నాన్న బండి కట్టాడు. గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి అత్తను పడుకోబెట్టారు. అవ్వ తల దగ్గర కూర్చుంది. బస్సు వచ్చే వేళ దగ్గరపడుతోంది. పొద్దున పావగడకు పోయేది అదొక్కటే. నాన్న ఎద్దుల్ని అదిలించబోయి ఆగి నా వైపు చూశాడు.

"సైకిలెత్తుకొని ముందు పో మే. బస్సు నిలబెట్టు."

అందరూ నన్నే చూశారు, నేను నాన్నను చూశాను.

"ఏందట్ల సూస్తావు? మధ్యాన్నపూట దొంగతనంగా తొక్కుతాండావు గదా. ఇప్పుడు తొక్కు," అన్నాడు నాన్న.

నేను బయలుదేరేసరికే బండి సందు మొదట్లో ఆగిపోయి ఉంది. చక్రాలు పట్టవు. ఏదో ఒక పక్క కంప పీకి, ఒక చక్రం చేన్లో నడపాలి. అంతే. రెండు వందల అడుగుల పొడవున, చక్రం వెడల్పున, ఊడ దిగుతున్న చెట్లు పోతాయి. అవతలి తాత అప్పటికే తన కంప వెనక కర్ర పట్టుకొని నిలబడ్డాడు. మా తాత మా కంప ముందు నిలబడ్డాడు.

"ఆయప్పకు చెప్పురా, కంప తియ్యమని," అన్నాడు తాత నాన్నతో. "ఆ పక్క నేల గట్టిగా ఉండాది. చక్రం దిగబడదు."

నాన్న అటు తిరిగి అదే మాట చెప్పాడు.

"మీ నాయనకు చెప్పప్పా," అన్నాడు అవతలి తాత. "బిడ్డ ఎవురి బిడ్డ? మీ బిడ్డే గదా. మీ సేన్లోనే పోనీ బండి. నా సేను ఊడ దిగతాండాది."

"నా సేను దిగడం ల్యా? అడుగు ఆయప్పను."

బండిలోంచి అత్త గొంతు వచ్చింది. "నాయనా, యాడన్నా పోనీ నాయనా... బండి పోనీ."

ఆ మాటను ఎవరూ ఎవరికీ తిరిగి చెప్పలేదు.

నేను ఎద్దు పక్కనుంచి దూరి సందులో పడ్డాను. నడిమధ్యలో రాత్రి వానకు నేల కోసుకుపోయి గుంట పడింది. అక్కడ రెండు పక్కలా కంపలు ఒరిగి, చేన్లలోకి సైకిలు దూరేంత ఖాళీ ఏర్పడింది. సైకిలు దిగి ఏదో ఒక చేన్లోంచి తోసుకుపోవాలి. నేను అవతలి తాత చేన్లోకి దిగాను. కాళ్ల కింద చెట్లు నలుగుతుంటే, మన చేను కాదులే అనుకున్నాను. వెనక మా అత్త అరుస్తోంది. నాకు పదకొండేళ్లు. తాతను తిట్టేటప్పుడల్లా ఆ అడుగులు గుర్తొస్తాయి. అందుకే ఇంకాస్త గట్టిగా తిడతాను.

బస్సు వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా సైకిలు పడేసి నిలబడ్డాను. డ్రైవరు కన్నడంలో మా వంశాన్నంతా తిట్టాడు. తప్పు తిట్లేమీ కావవి. కండక్టరు దిగి వచ్చి, "ఏంది పాపా?" అన్నాడు.

"మా అత్తకు నొప్పులు. బండి రావడం ల్యా."

"ఎందుకు రావడం ల్యా?"

"దోవ ల్యా."

"ఉన్న దోవ ఏమైంది?"

నేను ఏడ్చాను. ఆయన బస్సులోకి తల పెట్టి ఏదో చెప్పాడు. పదీ పన్నెండు మంది దిగారు. సంకలో రెండు కోళ్లు పెట్టుకున్న ఒకాయన వాటిని పక్క సీటు ఆమె ఒళ్లో పెట్టి మరీ దిగాడు. ఎవరూ మా ఊరివాళ్లు కాదు. అరమైలు దూరం వాళ్లు పంచెలు ఎగ్గట్టి పరుగున నడిచారు.

మేం వెళ్లేసరికి ఇద్దరు ముసలివాళ్లూ ఒప్పందానికి వచ్చి ఉన్నారు. చెరిసగం. అటు కొంత, ఇటు కొంత కంప తియ్యాలి. ఎంతెంత అన్నది తేలడం లేదు. మా తాత ముల్లుకర్రతో ఇరుసు వెడల్పు కొలుస్తున్నాడు. కొలత తప్పని అవతలి తాత నాన్నకు చెబుతున్నాడు. నాన్న దాన్ని తాతకు చెబుతున్నాడు. అత్త అరవడం మానేసింది.

బస్సువాళ్లు ఎవరినీ అడగలేదు. అవ్వ కింద పరుచుకున్న గొంగడి లాగి, అత్తను దాని మీదికి మార్చి, నలుగురు నాలుగు కొసలు పట్టుకున్నారు. మిగిలినవాళ్లు రెండు పక్కలా ఉత్త చేతులతో కంప పీకి అవతల పారేశారు. గొంగడి పట్టుకొని రెండు చేన్లలోనూ అడుగులు వేస్తూ నడిచారు. అప్పుడు, నా జీవితంలో మొదటిసారి, ఇద్దరు తాతలూ ఒక్క గొంతుతో మాట్లాడటం విన్నాను.

"ఒరే, సేను తొక్కుతాండారు! సూసి నడవండిరా!"

బస్సు అంతసేపు ఆగే ఉంది. ఎవరూ వేళ మించిపోయిందనలేదు.

ఆసుపత్రిలో అత్తను బతికించారు. బిడ్డ అప్పటికే లేడు. మగబిడ్డ. ఒక గంట ముందు వచ్చి ఉంటే అన్నారట. ఆ గంట ఎక్కడ పోయిందో మా పల్లెలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా మా తాతను ఎవరూ నిలదీయలేదు. చావుకు వచ్చి పలకరించి, దేవుడి రాత అని చెప్పి పోయారు. దేవుడి పేరు చెప్పుకుంటే ఇంటికి పోయి తమ చేను గట్టు కూడా జరుపుకోవచ్చు.

పంట బాగా వచ్చింది. రాశి పోసిన రోజు అవ్వ ఇంట్లోంచి కదలలేదు. తాత కాల్చిన కాయలు తెచ్చి ముందు పెడితే, "నువ్వే తినప్పా. నీదే గదా," అని మాత్రం అంది. మొగుణ్ణి అప్పా అని పరాయివాణ్ణి పిలిచినట్టు పిలవడం అదే మొదలు. చచ్చిపోయేదాకా అలాగే పిలిచింది.

మరుసటి ఏడు తొలకరికి తాత మళ్లీ మడక కట్టించాడు. మడక పట్టింది మా నాన్న.

"ఆ బస్సోళ్లు తొక్కి నేలంతా గట్టి చేసి పోయినారు. దున్నకుంటే ఎట్ల?" అన్నాడు తాత.

ఒక్క సాలు. మరునాడు అవతలి పక్క ఇంకొకటి. అత్త మళ్లీ కాన్పుకు మా ఇంటికి రాలేదు. తరువాత పుట్టిన ఇద్దరూ మెట్టినింట్లోనే పుట్టారు. మా ఆచారం ప్రకారం అది పుట్టింటికి చెప్పుతో కొట్టినంత అవమానం. కొట్టించుకున్నవాళ్లకు తగలలేదు, అంతే తేడా.

ఆ తాతలు పోయారు. నాన్న పోయాడు. సోలార్ వచ్చింది. చేన్లు కౌలుకిస్తారా అని అడిగితే అందరితోపాటు నేనూ వరుసలో నిలబడ్డాను. నా వెనక నిలబడ్డది అవతలి తాత మనవడు. వాడి దగ్గర పెన్ను లేకపోతే నాదే ఇచ్చాను. జానెడు నేల కోసం రెండు తరాలు కళ్లలో వత్తులు వేసుకొని కూర్చున్న చేన్లను మేమిద్దరం టీ తాగినంత సేపట్లో రాసిచ్చి, బయటికొచ్చి, నిజంగానే టీ తాగాం. గట్టు ఎక్కడని ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడిగినా చూపించలేను. నల్లటి పలకలు, వాటి మధ్య నున్నటి రోడ్డు. రెండు లారీలు పక్కపక్కన పోవచ్చు. పలకలు కడిగే ట్యాంకరు తప్ప ఏదీ పోదు.

మొన్న ఎండాకాలం అత్త వచ్చింది. కొడుకు కారులో, పెనుకొండ వైపు ఏదో పెళ్లికి పోతూ. ముసలిదైపోయింది. నన్ను కారెక్కించుకొని, "సేను సూపీ," అంది. రోడ్డు మీద ఒక చోట, ఇక్కడే అయివుంటుందని ఊహించి కారు ఆపించాను.

అత్త దిగింది. రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మెల్లగా నడిచింది. మళ్లీ వెనక్కి వచ్చి నడిమధ్యలో నిలబడింది. ఎండ పలకల మీద పడి కళ్లు చెదురుతున్నాయి. ఒక్క బండి రాలేదు. ఎవరూ హారన్ కొట్టలేదు, తప్పుకోమనలేదు. ఎంతసేపు నిలబడాలనుకుంటే అంతసేపు నిలబడింది.

"ఇంత దోవ ఎవురిచ్చినారే?" అంది చివరికి.

"నేనే అత్తా. సంతకం పెట్టినా."

అత్త కొంగుతో కళ్లు తుడుచుకొని, ఆ చివర నుంచి ఈ చివర దాకా ఇంకోసారి చూసింది.

"ఆ పొద్దు రెండు మూరలు చాలునే నాకు," అంది.